మోదుగ కొమ్మ రాగి రేకు మీదికి: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 22

కొండపల్లి దారిలో ఒక పొలం గట్టున నిలిచిన మోదుగ చెట్టు నుంచి ఈ ఉదయం రెండు పూల కొమ్మలు తెచ్చుకున్నాను. గట్టు తాలూకు రైతును అడిగితే, "కోసుకో అమ్మా, ఇంకో పది రోజులు పోతే అన్నీ నేల మీదే ఉంటాయి" అన్నారు. తడి నూలు గుడ్డ చుట్టి, ఎండ ముదరక ముందే సత్యనారాయణపురంలోని ఇంటికి చేరి, కొమ్మలను సీసాలో నిలబెట్టాను.

తలపెట్టిన పని ఇది. మోదుగ కొమ్మను మొదట నీటిరంగుల్లో చిత్రించాలి. ఆ చిత్రాన్ని రాగి రేకు మీద చెక్కి, దాని నుంచి పన్నెండు ప్రతులు అచ్చు తీసి, ఒక్కొక్కదానికీ చేత్తో రంగులు వేయాలి. నమూనాగా పెట్టుకున్నది విలియం రాక్స్‌బర్గ్ 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. విజయవాడలో విశాఖ వైపు రైలు ఎక్కితే దారిలోనే తగిలే సామర్లకోటలో, 1780లలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉంటూ రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించారు. వాటిలో ఎంపిక చేసినవి లండన్‌కు చేరి, ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో రాగి రేకుల మీదికి ఎక్కి, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాల్లో 300 చిత్రాలుగా వెలువడ్డాయి. వర్ణనల్లో ఆయన చాలా మొక్కల తెలుగు పేర్లను 'తెలింగ' పేర్లు అంటూ నమోదు చేశారు. మన పల్లెల్లో పిలిచే పేర్లు ఆ పెద్ద పుటల్లో లాటిన్ పక్కన కనబడినప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

మోదుగ మొదటి సంపుటంలోనే ఉంది. దాని బ్యూటియా అనే ప్రజాతి పేరు బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన బ్యూట్ ప్రభువు జాన్ స్టువర్ట్ పేరు మీద వచ్చింది. ఆ పుస్తకం స్కాన్ ప్రతులు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. అయితే పని సాగినంత కాలం మోదుగ పుట తెరవకూడదని, మిగిలిన పుటల నుంచి పద్ధతిని మాత్రమే నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 23

పువ్వును విప్పదీసి చూడడంతోనే రోజంతా గడిచింది. సంస్కృతంలో దీనికి కింశుకమని పేరు. ఇది చిలుకేమో అని అనుమానపడడం ఆ మాటలోనే ఉంది. ద్రోణి, అంటే పడవలా వంగిన కింది ఆకర్షణ పత్రాల జత, నిజంగానే చిలుక ముక్కులా కొన తేలి ఉంది. ధ్వజం, అంటే అన్నిటికంటే పెద్దదైన పై ఆకర్షణ పత్రం, వెనక్కి వాలింది. ద్రోణిని సూదితో చీల్చితే లోపల పది కేసరాలున్నాయి. తొమ్మిది ఒక జట్టుగా అతుక్కుని, పదోది విడిగా ఉంది. రక్షకపత్రాల గిన్నె నుంచి ధ్వజం కొన దాకా 5.2 సెంటీమీటర్లు వచ్చింది.

దూరం నుంచి చూసినప్పుడు నిప్పులా కనిపించే ఈ పువ్వు, భూతద్దం కింద నిప్పు రంగులో లేదు. ఆకర్షణ పత్రాల వెలుపల వెండి పొడిలాంటి సన్నని నూగు పరచుకుని ఉంది. నారింజ ఎరుపు ఆ నూగు సందుల్లోంచి పైకి వస్తోంది. రక్షకపత్రాలు మఖమల్ గుడ్డలా ఉన్నాయి. ఆకుపచ్చ అనడానికి లేదు, నలుపు అనడానికీ లేదు. ఈ రెండు ఉపరితలాలను పట్టుకోగలిగితే మోదుగ చిక్కినట్టే.

ఫిబ్రవరి 24

మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది కాబట్టి, రంగులను ముందే పట్టీలుగా వేసి, నంబర్లిచ్చి, పెన్సిల్ గీత మీద ఆ నంబర్లే రాసుకున్నాను. వృక్షచిత్రకారుడు ఫెర్డినాండ్ బావర్ ఇలాగే చేసేవారు. 1780లలో గ్రీసు ప్రాంతపు మొక్కలను చూసినచోట పెన్సిల్‌తో గీసుకుని, ప్రతి భాగం మీద రంగు సంఖ్య వేసుకుని, ఇంగ్లండ్ చేరాక ఆ అంకెల ఆధారంతో పూర్తి చిత్రాలు తయారు చేశారు. నాకు ఇరవై ఎనిమిది పట్టీలు అవసరమయ్యాయి. అందులో పదకొండు నారింజ ఛాయలే.

మార్చి 9

నీటిరంగుల చిత్రంలో పూల కొమ్మ పూర్తయింది. నారింజకు ఆ కాలపు చిత్రకారుల వద్ద గాంబోజ్ పసుపు, ఇంగిలీకం, సిందూరం వంటివి ఉండేవి. సిందూరం సీసం నుంచి వచ్చే రంగు. గాలిలోని గంధకం తగిలితే కాలక్రమంలో నల్లబడుతుంది. సీసపు తెలుపు కూడా అంతే. పాత వృక్షచిత్రాల్లో తెల్లగా ఉండవలసిన చోట బూడిద రంగు మరకలు కనబడడానికి తరచు ఇదే కారణం. అందువల్ల నూగు కోసం తెల్లరంగు వాడకూడదని ముందే అనుకున్నాను. పలుచని పసుపు పూత ఆరాక, కుంచెలో తడి దాదాపు లేకుండా చేసి, ఎర్రని నారింజను వెంట్రుకల సందుల్లో మాత్రమే గీతలు గీతలుగా పెట్టాను. నూగంతా కాగితం తెలుపే. ఒక్క ధ్వజానికి మూడు గంటలు పట్టింది. ఈ పద్ధతిలో వెనక్కి వెళ్ళే దారి లేదు. గీత ఒక్కటి తడిగా పడితే అక్కడ నూగు పోయి పువ్వు ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. మొదటి కొమ్మలో రెండు పువ్వులు అలాగే పోయాయి. మళ్ళీ కొత్త కాగితం మీద మొదలుపెట్టాను.

మోదుగ పూలను ఉడికిస్తే వచ్చే రంగును కూడా ఒక ముక్క మీద వేసి కిటికీలో ఉంచాను. కొద్ది రోజుల్లోనే సగానికి పైగా వెలిసిపోయింది. హోలీ నాటికి చాలే రంగు అది. పుస్తకంలో పుటకు చాలదు.

ఏప్రిల్ 20

నెల రోజులకు పైగా చిత్రం ఆగిపోయింది. కారణం మోదుగే. అది పూసేటప్పుడు కొమ్మకు ఆకు ఉండదు. పూలు రాలాకే లేత ఆకులు వస్తాయి, ఆ వెనుక చదునైన కాయలు వస్తాయి, ఆ కాయలో కొన దగ్గర ఒకే ఒక విత్తనం ఉంటుంది. మోనోస్పెర్మా అన్న జాతి పేరుకు ఆధారం ఆ ఒంటి విత్తనమే. పువ్వు, ముదిరిన ఆకు, కాయ మూడింటినీ ఒక్క రోజున ఒక్క కొమ్మ మీద చూసినవారు ఉండరు. కానీ వృక్షచిత్రంలో అవి ఒకే కాగితం మీద ఉండి తీరాలి.

ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకర్షించేది ఇదే. వృక్షచిత్రం ఒక చెట్టుకు ఒక క్షణంలో తీసిన ఫొటో లాంటిది కాదు. చిత్రకారుడు ఒక చెట్టును నెలల తరబడి చూసి, పురుగు తిన్న ఆకును, గాలికి మెలితిరిగిన రెక్కను పక్కన పెట్టి, ఆ జాతి మొత్తానికి చెల్లే కొమ్మను నిర్మిస్తాడు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడంలోనే అతని పాండిత్యం తెలుస్తుంది.

ఇవాళ ఆకు గీశాను. మూడేసి ఆకులుగా వచ్చే మోదుగలో నడిమి ఆకు పెద్దది, కొన వైపు వెడల్పుగా ఉంటుంది. పక్క ఆకులు రెండూ అడుగున ఏటవాలుగా, ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువగా ఉంటాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఈ ఆకులతోనే విస్తళ్ళు కుట్టేవారు. నడిమి ఆకు మధ్యలోకి, పక్క ఆకులు అంచులకు వెళ్ళేవి. వాటి ఆకారంలోని తేడా నాకు మొదట తెలిసింది పుస్తకంలో కాదు, ఆ విస్తట్లోనే.

మూడు ఆకుల కొమ్మను పూల గుత్తి వెనుకగా, కింది ఎడమ మూలకు వంచి అమర్చాను. విప్పదీసిన పూభాగాలు అట్టడుగున వరుసగా వచ్చాయి. కాయకు కుడివైపు చోటు వదిలాను.

మే 4

వన్ టౌన్‌లో పాత్రల దుకాణాల మధ్య 18 గేజి రాగి రేకు దొరికింది. 30 సెంటీమీటర్లకు 22 సెంటీమీటర్లుగా కోయించాను. అంచులను ఆకురాయితో ఏటవాలుగా రాయకపోతే అచ్చు తీసేటప్పుడు అవి కాగితాన్ని కోసేస్తాయి. నాలుగు వందల నంబరు ఎమెరీ కాగితం నుంచి రెండు వేల నంబరు దాకా వరుసగా రుద్ది, చివర చింతపండు, ఉప్పు పెట్టి తోమి, కడిగి ఆరబెట్టాను. రేకులో నా ముఖం కనిపించింది.

మే 11

రాగి మీద చెక్కడం నేర్చుకోవడానికి, మా వీధి చివర బంగారం పని చేసే ఆచారి గారి దగ్గర వారం రోజులు కూర్చున్నాను. ఎన్‌గ్రేవింగ్‌కు వాడే ఉలి, బ్యూరిన్, నలుపలకల ఉక్కు కడ్డీ. కొనను ఏటవాలుగా నూరితే వజ్రం ఆకారపు ముఖం వస్తుంది. పదును సరిపోయిందో లేదో బొటనవేలి గోరు మీద ఆనించి చూడాలని ఆయన చెప్పారు. జారితే ఇంకా నూరాలి, గోటిని పట్టుకుంటే చాలు.

పిడిని అరచేతిలో ఇముడ్చుకుని ముందుకు తోస్తే రాగి సన్నని తీగలా చుట్టుకుంటూ లేస్తుంది. సూటి గీత మూడు రోజుల్లో వచ్చింది. వంపు మాత్రం రాలేదు. ఉలిని తిప్పుతున్నకొద్దీ కొన రేకులోకి దిగబడిపోయేది. చాలాసేపు చూసి ఆచారి గారు, "చెయ్యి తిప్పకమ్మా, రేకును తిప్పు. చెయ్యి ఉన్నచోటే ఉండాలి" అన్నారు. ఆయన లక్క మీద అతికించిన లాకెట్టును ఎడమ చేత్తో తిప్పుతుంటే, కుడిచేతిలోని ఉలి కదిలినట్టే లేదు. అయినా లత చుట్టుకుంటూ వచ్చింది. మూడు వందల ఏళ్ళ నాటి ఐరోపా నగిషీ పనివారు కూడా ఇసుక నింపిన తోలు దిండు మీద రేకును పెట్టి ఇలాగే తిప్పేవారు. ఇంటికి వచ్చి పాత తోలు సంచిలో కృష్ణ ఇసుక నింపి దిండు కుట్టుకున్నాను.

గీత వెడల్పు, లోతు రెండూ ఒత్తిడి మీదే ఆధారపడతాయి. ఆకు ఈనె మొదట్లో లావుగా ఉండి కొనకు పోయేసరికి వెంట్రుకలా సన్నబడాలంటే, తోసే బలం అలా తగ్గుతూ పోవాలి. పాత్రల మీద పేర్లు కొట్టేవారి చుక్కల పద్ధతి కూడా నాకు గుర్తొచ్చింది. పూల చిత్రకారుడు రెడూటే గులాబీ చిత్రాలు, 1817 నుంచి 1824 మధ్య వచ్చినవి, చుక్కలతోనే రూపొందాయి. రేకు మీదే రంగు సిరాలు అద్ది అచ్చు తీసి, ఆ తర్వాత చేత్తో మెరుగులు దిద్దడం వల్ల వాటికి అంత మృదుత్వం వచ్చింది. అవి అద్భుతమైనవే. కానీ మోదుగ ఆకు గులాబీ రేకు కాదు. తోలులా బిరుసైన ఆకుకు గీతే సరైన భాష అని నా నమ్మకం.

మే 18

చిత్రాన్ని పారదర్శక కాగితం మీదికి దించి, బోర్లించి, పలుచని మైనం పూసిన రేకు మీద ఒత్తాను. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి రేకు మీద బొమ్మ అద్దంలో చూసినట్టు ఉండాలి. మోదుగ చెట్టు గనుక ఇది పట్టించుకోకపోయినా పెద్ద తేడా రాదు. కానీ తీగ మొక్కల విషయంలో అలా కుదరదు. ఎడమ వైపుగా చుట్టుకునే తీగ అచ్చులో కుడి వైపు చుట్టుకుంటే అది ప్రకృతిలో లేని మొక్క అవుతుంది.

మే 31

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మధ్యాహ్నం చెమటకు పిడి జారి, నడిమి ఆకు మీదుగా ఆరు సెంటీమీటర్ల గీత పడింది. రెండు రోజుల పాటు దాని జోలికి పోలేదు. తర్వాత గోకుడు ఉలితో ఆ చుట్టుపక్కల రాగిని పలుచగా తీసి, నూనె వేసి నున్నని ఉక్కు కడ్డీతో రుద్ది, వెనుక నుంచి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టి ఆ పల్లాన్ని పైకి తెచ్చాను. వేలితో తడిమితే ఇప్పుడు తెలియడం లేదు. అప్పటి నుంచి తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకే చెక్కుతున్నాను.

జూన్ 15

ఆటోనగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాప్‌లో రెండు ఉక్కు రోలర్లు తిప్పించి, వాటి మధ్య ఇనుప పలక జరిగేలా ప్రెస్ చేయించాను. లారీల పని తప్ప మరొకటి చేయని మేస్త్రీ, "ఇది కాగితం కోసమా అమ్మా?" అని రెండుసార్లు అడిగి, అయినా వెంట్రుకవాసి తేడా లేకుండా రోలర్లను సమం చేసి ఇచ్చారు.

సిరాకు కాచిన అవిసె నూనెలో దీపపు మసి, కొంచెం అంబర్ అనే మట్టి గోధుమ రంగు కలిపాను. చేతి రంగు వేయబోయే ప్రతికి చిక్కని నలుపు సిరా పనికిరాదు. పసుపు, నారింజ పూతల కింద నల్లని గీత మురికిలా కనబడుతుంది. గంజి పెట్టిన పలుచని నూలు గుడ్డతో సిరాను గీతల్లోకి కూరి, పైపైన తుడిచి, చివరికి సుద్ద అంటిన అరచేత్తో రేకు ముఖాన్ని శుభ్రం చేశాను. ఎండకు సిరా పలుచబడి, తుడిచేటప్పుడు గీతల్లోంచి కూడా బయటికి వచ్చేసింది. ప్రెస్‌లో కాగితం మీద పరచడానికి ఇంట్లోని గొంగళిని వాడితే దాని ముతక నేత కాగితం ఖాళీల్లో స్పష్టంగా దిగిపోయింది. మొదటి మూడు ప్రూఫ్‌లు ఇలా పోయాయి. మెత్తని ఫెల్ట్ తెప్పించుకున్నాను.

జూన్ 22

నాలుగో ప్రూఫ్ బాగా వచ్చింది. బాగా రావడం వల్లే నా తప్పు బయటపడింది. అచ్చుగా చూస్తే అందంగా ఉంది, కానీ రంగుకు చోటు లేదు. ఆకు నిండా నేను వేసిన అడ్డగీతలు నీడను పూర్తిగా చూపించేశాయి. దాని మీద ఆకుపచ్చ వేస్తే రెట్టింపు చీకటి అవుతుంది.

1678 నుంచి 1693 మధ్య పన్నెండు సంపుటాలుగా వచ్చిన మలబారు మొక్కల గ్రంథం హోర్తుస్ మలబారికుస్‌లో 'ప్లాసో' పేరుతో ఇదే చెట్టు ఉంది. ఆ గ్రంథం రంగుల కోసం చేసింది కాదు; కండ, వెలుగు, నీడ అన్నీ గీతే మోయాలి. అందువల్ల ఆ గీతలు దట్టంగా ఉంటాయి. రాక్స్‌బర్గ్ పుస్తకం తీరు వేరు. అక్కడ నగిషీ పనివాడు, తన తర్వాత రంగులు వేసే చేయి ఒకటి ఉందని తెలిసి, దానికి చోటు వదిలి చెక్కాడు. నేను మొదటి పద్ధతిలో చెక్కి రెండో పద్ధతిని ఆశించాను. వారం పాటు కూర్చుని, ఆకు వెలుతురు వైపున్న గీతల్లో దాదాపు సగాన్ని రుద్ది చెరిపేశాను. రక్షకపత్రాల మఖమల్‌ను మాత్రం పొట్టి పొట్టి గాట్లతో దట్టంగానే ఉంచాను, ఆ చీకటి అక్కడ అవసరం కాబట్టి.

జూలై 6

పన్నెండు ప్రతుల్లో ఎనిమిది నిలిచాయి. అచ్చు కాగితం మెత్తనిది; నేరుగా రంగు వేస్తే పీల్చేసుకుంటుంది. పలుచని జెలటిన్ నీళ్ళు పూసి ఆరబెట్టాక కుంచె కదలిక కాగితానికి పట్టింది.

మా అక్క కూతురు సెలవులకు వచ్చి, ఆకుల పని తాను చేస్తానంది. పాత రంగుల గదుల్లో కూడా పని ఇలాగే సాగేది. ఎదురుగా ఒక నమూనా ప్రతి పెట్టుకుని, ఒకరు ఆకులు, ఒకరు పూలు, ఒకరు కాడలు వేస్తూ పోయేవారు. 1787లో మొదలైన కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ ప్రతులకు 1948 దాకా చేతి రంగులే వేశారు. మూడో ప్రతి దగ్గర పిల్ల ఆగి, "పిన్నీ, రంగు నువ్వు కలిపిందే, కానీ నా ఆకు నీ ఆకులా లేదు" అంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నేను ఈనెల వెంట కుంచె లాగాను. తాను ఈనెకు అడ్డంగా లాగింది. నిజానికి తన ఆకే బాగుంది. పూత కింది నుంచి నా గీతలు ఎక్కువ తేటగా కనబడుతున్నాయి. మిగిలిన ప్రతులన్నిటికీ తన పద్ధతే పెట్టుకున్నాం.

జూలై 13

చెక్కుడు చిత్రాల అడుగున ఎడమ వైపు గీసినవారి పేరు, కుడి వైపు చెక్కినవారి పేరు వేయడం ఐరోపాలో ఆచారం. సామర్లకోటలో కుంచె పట్టిన చిత్రకారుల పేర్లు మాత్రం చాలా వరకు మనకు చేరలేదు. రాక్స్‌బర్గ్ గీయించిన రెండున్నర వేలకు పైగా చిత్రాలు లండన్ క్యూ ఉద్యానంలోనూ, కోల్‌కతాలోనూ భద్రంగా ఉన్నాయి. ఆకు అంచును ఎక్కడ మడవాలో, ఏ మొగ్గను విప్పి చూపాలో నిర్ణయించినవారు ఎవరో వాటి మీద చాలా చోట్ల లేదు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. మోదుగ పుటను ఇవాళ మొదటిసారి తెరిచి చాలాసేపు చూశాను.

అందుకే రేకు అడుగున మూడు చోట్లు కేటాయించాను: గీసినది, చెక్కినది, రంగులు వేసినది. మూడో చోట మా పిల్ల పేరు ఉంది. అక్షరాలను కూడా తిరగేసి చెక్కాలి. 'మోదుగ' అన్న మూడక్షరాల్లో 'దు' నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది. కొమ్ము ఏ వైపు తిరగాలో అద్దం పెట్టుకుని చూస్తేనే తెలిసింది, వంపు దగ్గర మళ్ళీ రేకునే తిప్పవలసి వచ్చింది. రెండుసార్లు చెరిపి, మూడోసారి కుదిరింది.

జూలై 20

చివరి ప్రతి ఆరింది. రేకుకు వాసెలిన్ పూసి, మైనపు కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాను. కుడి వైపు కాయ కోసం వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మేలో చెట్టు కింద ఏరుకొచ్చిన కాయలు ఎండి వంకర తిరిగాయి, వాటిని చూసి గీయడం నాకు సమ్మతం కాలేదు. రైతుకు ఫోన్ చేస్తే, వచ్చే వేసవిలో పచ్చికాయ ఉండగానే కబురు చేస్తానన్నారు.